సెస్నా 172లో ట్యాబ్ ఎక్కడ బిగించాలి: యోక్ మీదా, పక్క కిటికీకా, తొడ మీదా?

ఎడమసీటు:

అందరికీ నమస్కారం. నేను నడిపేవి క్లబ్బు విమానాలు, ఎక్కువగా సెస్నా 172 అనే చిన్న విమానం. ఒక్కోసారి గుండ్రటి డయళ్లున్న పాతది దొరుకుతుంది, ఒక్కోసారి పెద్ద తెరలున్న కొత్తది. అందుకని ఏం బిగించినా స్క్రూడ్రైవర్ పట్టకుండా రెండు నిమిషాల్లో పెట్టగలగాలి, దిగేటప్పుడు తీసి సంచీలో వేసుకోగలగాలి.

ప్రస్తుతం ట్యాబ్‌ని తొడకి పట్టీతో కట్టుకుంటున్నాను. చూడాలంటే ప్రతిసారీ తల పూర్తిగా వంచాలి. దాన్ని కంటికి దగ్గరగా తేవాలని ఉంది. నాలుగు సందేహాలు. 8.3 అంగుళాలది కొనాలా, 11 అంగుళాలదా? యోక్‌కి (విమానాన్ని తిప్పే స్టీరింగు లాంటి పిడికి) క్లాంపు మేలా, పక్క కిటికీకి సక్షన్ కప్పు మేలా? సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి ఛార్జింగు పెడితే రేడియోలో గర్ర్‌మని చప్పుడు వస్తుందంటారు, దానికి మందేమిటి? ఎండలో ట్యాబ్ వేడెక్కి ఆగిపోకుండా ఏం చేయాలి?

ఫలానా కంపెనీది కొనండి అనే సలహా కన్నా, ఏది ఎందుకు పనిచేస్తుందో ఎందుకు చెడిపోతుందో చెబితే ఎక్కువ సాయం.


కేబుల్‌పుల్లీ:

ముందు సైజు తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. 8.3 అంగుళాల ట్యాబ్ సుమారు 300 గ్రాములు, 11 అంగుళాలది సుమారు 470. దళసరి కేసు, పట్టుకునే క్రేడిల్, యోక్‌ని పట్టే క్లాంపు, ఆ రెండిటినీ కలిపే చేయి అన్నీ కలిస్తే పెద్దదాని మొత్తం తేలిగ్గా 800 గ్రాములు దాటుతుంది. 172 యోక్ మీద 11 అంగుళాలది అడ్డంగా పెడితే డయళ్ల కింది వరస సగం కనపడదు. నిలువుగా పెడితే మోకాళ్లకి తగులుతుంది. యోక్ మీదకైతే 8.3 అంగుళాలదే, అదీ నిలువుగా. పెద్దది కావాలనుకుంటే యోక్ సంగతి మరిచిపోండి.

యోక్ మీద బరువు ఏం చేస్తుందో లెక్క చూద్దాం. యోక్ షాఫ్టు చుట్టూ తిరుగుతుంది. ట్యాబ్ బరువు ఆ షాఫ్టుకి పైన ఉంటే, యోక్‌ని ఒక పక్కకి తిప్పగానే ఆ బరువు అదే పక్కకి ఇంకా లాగుతుంది. 800 గ్రాములు షాఫ్టుకి 12 సెంటీమీటర్ల పైన ఉందనుకోండి. 30 డిగ్రీలు తిప్పితే 15 సెంటీమీటర్ల దూరంలో యోక్ పట్టుకున్న మీ చేతి మీద సుమారు 320 గ్రాముల భారం పడుతుంది. అదే మొత్తం 450 గ్రాములుండి, 6 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటే ఆ భారం 90 గ్రాములు. మొదటిది చెయ్యి వదిలిన ప్రతిసారీ తెలుస్తుంది, రెండోది దాదాపు తెలియదు. కాబట్టి ట్యాబ్ మధ్యభాగం షాఫ్టుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పక్కకి జరిపి పెడితే యోక్ నిటారుగా ఉన్నప్పుడు కూడా ఒకవైపే లాగుతుంది, అలా వద్దు.

చేయి పొట్టిదే తీసుకోండి. రెండు చివరలా సాకెట్లుండే 6 సెంటీమీటర్ల చేయి యోక్‌కి చాలు. నాలుగు సిలిండర్ల ఇంజను 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 80 పేలుళ్లు ఇస్తుంది. రెండు రెక్కల ప్రొపెల్లర్ గాలి దెబ్బలూ అంతే. ఆ అదురు పొడుగు చేయి చివర అక్షరాలు మసకబారేంత పెద్దదవుతుంది. పొడుగు రెట్టింపు చేస్తే ఊపు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్ల పైకి పోతుంది.

బంతి కీళ్లలో 1 అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్ల, రబ్బరు పూత బంతి ఈ బరువులకి సరిపోతుంది. ఆ రబ్బరుకి నూనె గానీ సిలికాన్ స్ప్రే గానీ తగలనివ్వకండి. పట్టంతా రాపిడిలోనే ఉంది. రెక్కల నట్టు ఎంత బిగించినా ట్యాబ్ మెల్లగా తల వాలుస్తుంటే బంతి మీద జిడ్డు చేరిందని లెక్క. సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. అప్పటికీ జారితే రబ్బరు అరిగింది, బంతి మార్చడమే.

ఇక అసలు పని. క్లాంపు బిగించాక, ఇంజను ఆపి ఉండగానే, సీటు మీరు ఎగిరేటప్పుడు ఉండే గడిలో పెట్టి, బెల్టు పెట్టుకుని ఇవి చూడండి.

యోక్‌ని పూర్తిగా ముందుకి నెట్టండి. క్లాంపు దవడ గానీ ట్యాబ్ వెనక భాగం గానీ ప్యానెల్‌కి తగిలితే ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కదలిక అంత మేర తగ్గినట్టే. చాలామంది వెనక్కి లాగి చూస్తారు, ముందుకి నెట్టి చూడరు. తర్వాత పూర్తిగా వెనక్కి లాగి ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పండి. తొడలు, పొట్ట, చలికోటు మడతలు ఏవీ అడ్డు రాకూడదు. ఇదే పని రడ్డర్ (తోక మీది నిలువు పలక) పెడల్‌ని చివరిదాకా తొక్కి ఒకసారి చేయండి, ఎందుకంటే అప్పుడు ఒక మోకాలు పైకి లేస్తుంది. క్రాస్‌విండ్‌లో, అంటే పక్కగాలిలో, ల్యాండయ్యేటప్పుడు సరిగ్గా ఈ మూల కావాలి: యోక్ వెనక్కి, ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వంచే రెక్క పలక) ఒకవైపు చివరికి, రడ్డర్ రెండోవైపు.

కంట్రోల్ లాకు (నిలిపి ఉన్నప్పుడు యోక్ కదలకుండా పట్టే కడ్డీ) దూర్చే రంధ్రం క్లాంపు కింద పడకూడదు. యోక్ కొమ్ము మీదున్న మాట్లాడే బటన్ తీగ క్లాంపు దవడలో నలగకూడదు. షాఫ్టు గొట్టం అల్యూమినియందైతే క్లాంపు నేరుగా లోహానికి ఆనకుండా రబ్బరు ముక్క పెట్టండి. వ్యాసం కాలిపర్‌తో కొలిచాకే క్లాంపు కొనండి, ఎందుకంటే ఒకే మోడల్లో ఏడు మారితే యోక్ కూడా మారుతుంది.

చివరగా, మామూలుగా కూర్చుని ఏమేం కనపడకుండా పోయాయో చూడండి. మాస్టర్ స్విచ్, ఇగ్నిషన్ కీ, బ్రేకర్లు ఇవన్నీ ట్యాబ్ పెట్టాక కూడా వెతక్కుండా చేతికి దొరకాలి.


అంచుగాలి:

పైన చెప్పినదంతా సరే గానీ, క్లబ్బులో రకరకాల విమానాలు మారే మనిషికి యోక్ క్లాంపు ప్రతిసారీ కొత్త తద్దినం. పక్క కిటికీని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అక్కడ పెడితే కంట్రోళ్లకి దేనికీ తగలదు, 11 అంగుళాలది కూడా నిలుస్తుంది. జీపీఎస్‌కి ఆకాశం బాగా కనపడుతుంది, కంపాస్‌కి దూరం.

సక్షన్ కప్పు ఊడడం గురించి భయాలు ఎక్కువ, అవగాహన తక్కువ. కప్పుని పట్టుకునేది బయటి గాలి ఒత్తిడి. పైకి వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది: సముద్రమట్టం దగ్గర 1013 హెక్టోపాస్కల్స్, 10,000 అడుగుల దగ్గర సుమారు 697. దీన్నిబట్టి పట్టు మూడో వంతు తగ్గుతుందని అనుకుంటారు. నిజానికి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. కప్పు లోపల పూర్తి శూన్యం ఉండదు కదా. నేల మీద అంటించినప్పుడు లోపల 400 మిగిలిందనుకుందాం. అప్పుడు తేడా 613. 10,000 అడుగుల్లో లోపలి 400 అలాగే ఉంటుంది, బయటిది 697కి పడుతుంది, తేడా 297. అంటే పట్టు సగానికి వచ్చింది. అంటించేటప్పుడు లోపల ఎంత గాలి వదిలితే పైన అంత నష్టం.

అయినా 80 మిల్లీమీటర్ల కప్పుకి ఆ సగం కూడా కాగితం మీద 15 కిలోల బలం. మరి ఎందుకు ఊడుతుంది? అంచు లేవడం వల్ల. పొడుగు చేయి చివర బరువు కప్పు పై అంచుని లాగుతుంది, అక్కడ ధూళి రేణువో గీతో వంపో ఉంటే గాలి దూరుతుంది, అంతే. కాబట్టి చూడాల్సింది మూడు: శుభ్రమైన చోటు, చదునైన చోటు, పొట్టి చేయి. కిటికీ అంచు దగ్గర వంపు ఎక్కువ. మధ్యకి జరగండి. చలికి గట్టిపడిన కప్పు అంచు కూడా అద్దానికి సరిగా అతుక్కోదు. అరచేతుల మధ్య ఒక నిమిషం పెట్టి మెత్తబడ్డాక అంటించండి. ముందురోజు అంటించి వదిలేసినది నమ్మొద్దు. ఎక్కిన ప్రతిసారీ తీసి మళ్లీ అంటించండి, గట్టిగా లాగి చూడండి.

ఈ కిటికీలు గాజువి కావు, ఆక్రిలిక్. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్, అసిటోన్, థిన్నర్, పెట్రోలు తగిలితే వెంట్రుకల్లాంటి నెర్రెలు పడతాయి, అవి ఇక పోవు. ఆల్కహాల్ తుడుపులు కూడా వద్దు. ముందు మంచినీళ్లు పోసి ధూళి జారనివ్వాలి. తర్వాత కొంచెం సబ్బునీళ్లతో చేత్తోనే తడిమి, మెత్తటి గుడ్డతో అద్దాలి. పొడి గుడ్డతో రుద్దితే ధూళే గరుకు కాగితం అవుతుంది. కప్పుని ఎండలో రోజుల తరబడి వదిలేసినా ఆ చోట ఆక్రిలిక్ ఒత్తిడికి లోనవుతుంది, గుండ్రటి మచ్చ మిగులుతుంది. దిగేటప్పుడు తీసేయడం మర్యాద కూడా. విమానం క్లబ్బుది కదా. ముందు విండ్‌షీల్డుకి మాత్రం ఏ కప్పూ వద్దు. అక్కడ అడ్డు తగిలేది ఎదురుగా వచ్చే విమానాన్ని చూడాల్సిన కంటికి.

కప్పు ఊడుతుందనే అనుకుని ఒక తాడు కట్టండి. 2 మిల్లీమీటర్ల నైలాన్ తాడు ఒక చివర క్రేడిల్‌కి, రెండో చివర కదలని దేనికైనా కట్టాలి. తలుపు గొళ్లేనికీ కిటికీ చెయ్యికీ కట్టొద్దు. పొడుగు ఎంతంటే, ట్యాబ్ వేలాడినా రడ్డర్ పెడళ్ల దాకా చేరకూడదు. పెడల్ వెనక ఇరుక్కున్న ట్యాబ్ ఊడిపోయిన ట్యాబ్ కన్నా వెయ్యి రెట్లు ప్రమాదం.

రెండు లోపాలున్నాయి, దాచను. ఎడమవైపు ట్రాఫిక్ చూసే కిటికీలో కొంత పోతుంది, అందుకే కప్పుని వీలైనంత కిందికీ ముందుకీ పెట్టాలి. తెరుచుకునే కిటికీ అయితే అది తెరవడానికీ తలుపు తీసి దిగడానికీ ట్యాబ్ అడ్డం రాకూడదు.


స్క్వెల్చ్‌నాబ్:

కరెంటు సంగతి నేను చెబుతా. పాత 172లలో 14 వోల్టులు, తర్వాతి వాటిలో 28. మీరు రెండూ నడుపుతారు కాబట్టి కారు కోసం చేసిన 12 వోల్టుల ఛార్జరు 28 దాంట్లో పెడితే కాలిపోతుంది. "12–24" అని రాసినదాన్ని కూడా నమ్మకండి, 28 వోల్టుల విమానంలో కరెంటు లైను 24 దాటే నడుస్తుంది. ఇన్‌పుట్ 32 వోల్టుల దాకా అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. ఇంజను స్టార్టు చేసేటప్పుడు వోల్టేజి ఎగుడుదిగుడవుతుంది, కాబట్టి స్టార్టు అయ్యాకే సాకెట్లో గుచ్చండి. ఇంజను ఆపే ముందే పీకండి.

20 వాట్ల ఛార్జరు 14 వోల్టుల్లో సుమారు 1.7 ఆంపియర్లు లాగుతుంది, 28లో అందులో సగం. సాకెట్ ఫ్యూజుకి ఇది లెక్కలోది కాదు. పాత రకం 5 వాట్ల ఛార్జరు అయితే స్క్రీను పూర్తి వెలుతురులో ఉన్నప్పుడు ఛార్జింగు పెరగకపోగా తగ్గుతూ పోవచ్చు. సన్నని 2 మీటర్ల కేబుల్‌తోనూ అదే గతి. 1 మీటరు, దళసరి తీగలది, యూఎస్‌బీ-సీ తీసుకోండి. ట్యాబ్ వైపు పిన్ను లంబకోణంలో వంగి ఉన్నదైతే మోకాలు తగిలి సాకెట్ విరగదు.

రేడియోలో చప్పుడు ఎక్కడిది? ఛార్జరు లోపలి స్విచింగు సర్క్యూటు సెకనుకి లక్షల సార్లు కరెంటుని తెంచి కలుపుతుంది. దాని హార్మోనిక్స్ పైకి పాకి 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య మన వాయిస్ బ్యాండులో పడతాయి. చవక ఛార్జర్లలో దాన్ని అడ్డుకునే ఫిల్టరు ఉండదు. కేబుల్ ఏమో యాంటెన్నాలా పనిచేసి ఆ చప్పుడుని ప్రసారం చేస్తుంది.

పరీక్షించే పద్ధతి: ఇంజను ఆపి, మాస్టర్ వేసి, రేడియో స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు హోరుని అణచేది) తెరవండి. మీరు వాడే ఫ్రీక్వెన్సీల్లో నాలుగైదు ఒకటొకటిగా వినండి. తర్వాత ఖాళీ ఛార్జరు గుచ్చి మళ్లీ అవే వినండి. తర్వాత ట్యాబ్ కలిపి వినండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: ట్యాబ్ 100 శాతం ఉండగా పరీక్షిస్తారు. అప్పుడు ఛార్జరు దాదాపు ఖాళీగా నడుస్తుంది, చప్పుడు బయటపడదు. ట్యాబ్‌ని 50 శాతం కిందికి దించాకే పరీక్షించాలి. తర్వాత 108–118 మధ్య ఒక వీఓఆర్ (దారి చూపే నేలమీది రేడియో కేంద్రం) పట్టి సూది వణుకుతుందా, ఫ్లాగు (సిగ్నల్ సరిగా లేదనే గుర్తు) పడుతుందా చూడండి. విమానం జీపీఎస్‌లో ఉపగ్రహాల సిగ్నల్ పేజీ తెరిచి, ఛార్జరు గుచ్చినప్పుడు కడ్డీలు పొట్టిబడుతున్నాయేమో చూడండి.

చప్పుడు కొద్దిగా ఉంటే కేబుల్‌కి ఛార్జరు దగ్గరి చివర ఫెరైట్ (చప్పుడుని అణచే రింగు) తొడగండి. కేబుల్‌ని దాంట్లోంచి మూడు చుట్లు తిప్పాలి, ఒక్కసారి దూర్చితే పెద్దగా లాభం లేదు. 43 గానీ 31 గానీ రకం ఫెరైట్ ఈ బ్యాండుకి పనికొస్తుంది. గట్టిగా ఉంటే ఫెరైట్‌తో తంటాలు పడకండి, ఆ ఛార్జరు పారేయండి.

నిజానికి క్లబ్బు విమానానికి నేను పవర్ బ్యాంకే చెబుతాను. 10,000 ఎంఏహెచ్ అంటే 37 వాట్-అవర్లు, నష్టాలు పోను అందులో మూడింట రెండొంతులు ట్యాబ్‌కి చేరతాయి. 8.3 అంగుళాల ట్యాబ్ బ్యాటరీ 20 వాట్-అవర్ల లోపే. ఒకసారి పూర్తిగా నిండుతుంది, ఇంకా మిగులుతుంది. విమానం కరెంటుతో సంబంధం లేదు, 14, 28 గొడవ లేదు. చప్పుడు పరీక్ష మాత్రం దానికీ చేయాలి, దాంట్లోనూ స్విచింగు సర్క్యూటే ఉంది.

కేబుల్ పరిచేటప్పుడు ఒక్క సూత్రం: యోక్ మీద ట్యాబ్ ఉంటే, యోక్ పూర్తిగా వెనక్కి వచ్చి తిరిగినప్పుడు కావలసిన పొడుగు కన్నా ఓ 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, అంతకు మించి వద్దు. మిగిలినది చుట్టి వెల్‌క్రోతో కట్టండి. వేలాడే వంకీ థ్రాటిల్‌కో, మిక్స్‌చర్ నాబ్‌కో, ట్రిమ్ చక్రానికో, ఫ్యూయెల్ సెలెక్టర్‌కో తగులుకుంటుంది.

ఇంకో సంగతి. ట్యాబ్ కవర్లలో, అయస్కాంత మౌంట్లలో ఉండే మాగ్నెట్లు గట్టివి. ఇంజను తిరుగుతూ, రేడియోలు వేసి ఉండగా, ట్యాబ్‌ని దాని చోటుకి తెచ్చి, తీసి, కంపాస్ కదులుతుందేమో చూడండి. ఒక్క దిశలో చూస్తే సరిపోదు. ఉత్తరంవైపు తేడా లేకపోయినా తూర్పువైపు ఉండొచ్చు. నాలుగు దిక్కులా చూడాలి. అయస్కాంత ప్రభావం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది కాబట్టి ఒక జానెడు జరపడమే చాలాసార్లు చాలు.


ఎడమసీటు:

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. 8.3 అంగుళాలదే తీసుకుంటాను. వేడి గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు: చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే స్క్రీను నల్లగా కనిపిస్తోంది, ఎందుకు? ప్యానెల్‌కే రంధ్రాలు వేసి శాశ్వతంగా బిగిస్తే ఇవన్నీ పోతాయి కదా అని క్లబ్బులో ఒకరు అన్నారు, అది సాధ్యమేనా?


నీడపట్టు:

కళ్లద్దాలది చిన్న సంగతి. మీవి పోలరైజ్‌డ్. ఎల్‌సీడీ స్క్రీను నుంచి వచ్చే కాంతీ పోలరైజ్‌డే. రెండూ అడ్డంగా పడితే కాంతి ఆగిపోతుంది. ట్యాబ్‌ని అడ్డం నుంచి నిలువుకి తిప్పితే కొన్ని మోడళ్లలో సరిపోతుంది, కొన్నిట్లో ఏ పక్క తిప్పినా మసకే. పోలరైజేషన్ లేని చలువ కళ్లద్దాలు తీసుకోండి. విమానం సొంత తెరలకీ, ఎదుటి విమానం రెక్క మీద మెరుపు కనపడడానికీ అవే మేలు.

వేడి పెద్ద సంగతి. ఐప్యాడ్‌కి ఆపిల్ చెప్పే వాడుక హద్దు 0 నుంచి 35 డిగ్రీలు. అది చుట్టూ ఉన్న గాలి వేడి. నేరుగా ఎండ పడుతున్న నల్లటి స్క్రీను దానికన్నా చాలా పైన ఉంటుంది. ట్యాబ్ ఒక్కసారిగా ఆగిపోదు, వరసగా సంకేతాలిస్తుంది. ముందు ఛార్జింగు ఆపేస్తుంది, తర్వాత వెలుతురు తనంతట తనే తగ్గిస్తుంది, ఆ తర్వాతే హెచ్చరిక చూపించి పని మానేస్తుంది. గుచ్చి ఉన్నా శాతం పెరగడం లేదంటే కేబుల్‌ని తిట్టేముందు ట్యాబ్ వీపు ముట్టుకుని చూడండి.

వేడి మూడు వైపుల నుంచి వస్తుంది: ఎండ, పూర్తి వెలుతురు, ఛార్జింగు. మూడూ కలిస్తే ఆగిపోతుంది, ఏ ఒక్కటి తీసినా సాధారణంగా నిలబడుతుంది. ఇంటి దగ్గరే 100 శాతం చేసుకుని రండి, పైకి లేచేదాకా ఛార్జింగు పెట్టొద్దు. 60కి పడ్డాక పెట్టి, 80కి రాగానే తీయండి. వెలుతురు చదవడానికి చాలినంతే. రబ్బరు కేసు తీసేయండి, వీపు తెరిచి ఉండే క్రేడిల్ వాడండి, గాలి వచ్చే వెంటు దాని వీపుకి తిప్పండి. యోక్ మీద ట్యాబ్‌కి ఈ విషయంలో మేలుంది, ప్యానెల్ నీడ కొంత పడుతుంది. పక్క కిటికీ ట్యాబ్‌కి ఎండ వైపు ప్రయాణంలో దిక్కులేదు. గ్లేర్‌షీల్డు (ప్యానెల్ పైనున్న అరుగు) మీద పడేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎండలో మూసి నిలిపిన విమానంలో ట్యాబ్ వదిలి వెళ్లడం దాని తర్వాతిది.

బ్యాటరీ ఉబ్బి స్క్రీను అంచు లేచినట్టు కనిపిస్తే ఆ ట్యాబ్‌తో ఎగరొద్దు. పొగ వస్తే మాత్రం మౌంటు నుంచి ఒంటిచేత్తో, చూడకుండా తీయగలగాలి. క్రేడిల్ కొనేటప్పుడు దీన్నే పరీక్షగా పెట్టుకోండి. స్క్రూలతో నాలుగు మూలలూ బిగించే క్రేడిల్ దృఢంగానే ఉంటుంది గానీ ఈ పరీక్షలో తప్పుతుంది. లిథియం మంటకి ఆర్పేయడంతో పాటు చల్లబరచడం కూడా కావాలి. హాలన్ (మంటలార్పే వాయువు) మంటని ఆపుతుంది, సెల్ లోపలి వేడిని ఆపదు. మంట తగ్గాక నీళ్లు పోస్తూనే ఉండాలి.


కేబుల్‌పుల్లీ:

రంధ్రాల సంగతికి జవాబు. క్లాంపు, సక్షన్ కప్పు, మోకాలి పట్టీ ఇవన్నీ చేత్తో పెట్టి తీసేవి, విమానంలో భాగం కావు. ప్యానెల్‌కి డ్రిల్లు పెట్టిన క్షణం నుంచి అది విమానంలో మార్పు. అర్హత ఉన్న మెకానిక్ చేయాలి, ఆమోదం, లాగ్‌బుక్కులో నమోదు, బరువు లెక్క అన్నీ ఉంటాయి. విమానం మీది కానప్పుడు ఆ మాటే ఎత్తొద్దు. సొంత విమానం ఉన్నవాళ్ల కోసం చెబుతున్నా: 30 × 38 మిల్లీమీటర్ల నాలుగు రంధ్రాల ఏఎంపీఎస్ పలక చాలా మౌంట్లకి సరిపడుతుంది, ప్యానెల్ వెనక ఏ తీగ ఉందో చూడకుండా డ్రిల్లు పెట్టకూడదు.

ఇంకో మాట, ట్యాబ్ గట్టిగా ఉండాలి అన్నప్పుడు ఎంత గట్టిగా? క్యాబిన్‌లో మనుషులకి తగిలే వస్తువుల్ని బిగించడానికి చిన్న విమానాల డిజైన్ నియమాలు వాడిన కొలత ముందుకి 18 జి, అంటే వస్తువు బరువుకి 18 రెట్ల బలం. మనం తెచ్చి పెట్టే ట్యాబ్‌కి ఆ నియమం వర్తించదు, అయినా కొలతగా పనికొస్తుంది. 450 గ్రాముల సరంజామా 18 జిలో 8 కిలోలు దాటుతుంది, 800 గ్రాములది 14 కిలోలు దాటుతుంది. బంతి కీలు అంత ఆపదు. కాబట్టి ట్యాబ్ అంచులు మీ ముఖం వైపు చూడకుండా, తల ముందుకి వంగే దారికి వీలైనంత కింద ఉండేలా పెట్టండి. భుజం బెల్టు ఎలాగూ పెట్టుకోవాలి.


మోకాలిపలక:

అందరూ తొడ పట్టీని వదిలేశారు, దాని తరఫున నాలుగు మాటలు. అన్ని విమానాల్లో ఒకేలా ఉంటుంది, కంపాస్‌కి దూరం, ప్యానెల్‌లో దేన్నీ కప్పదు, తలకి తగలదు. తప్పల్లా ఒక్కటే: మేఘంలో తిరుగుతూ ఉండగా తల ఒక్కసారి వంచి ఎత్తితే చెవి లోపలి ద్రవం కంగారు పడి విమానం దొర్లుతున్న భ్రమ కలుగుతుంది. కోరియోలిస్ భ్రమ అంటారు. దీనికి మందు ఏమిటంటే, ట్యాబ్‌ని తొడ మధ్యలో కాకుండా మోకాలికి వీలైనంత దగ్గరగా, ముందు అంచు ఎత్తి 20–30 డిగ్రీల వాలులో పెట్టుకోవడం. అప్పుడు తల వంచక్కర్లేదు, కళ్లు దించితే చాలు. పట్టీ మోకాలి వెనక నరాల మీద బిగుసుకోకూడదు, గంట తర్వాత పాదం తిమ్మిరెక్కి పెడల్ మీద స్పర్శ పోతుంది. యోక్‌కి బదులు కాళ్ల మధ్యలో కర్ర ఉండే విమానాల్లో మాత్రం ఇది పనికిరాదు, కర్ర పక్కకి పోయే దారిలో పడుతుంది.

మేఘాల్లోకి వెళ్లనివాళ్లు కొత్తగా ఏదీ కొనక్కర్లేదనే నా అభిప్రాయం.

ఇంకో చిన్న మాట, వైఫై ఒక్కటే ఉన్న ఐప్యాడ్‌లలో జీపీఎస్ చిప్పు ఉండదు. సిమ్ పట్టే మోడళ్లలో ఉంటుంది, సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. వైఫైది ఇప్పటికే ఉంటే బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ కలపాలి.


ఎడమసీటు:

మేఘాల్లోకి వెళ్తాను కాబట్టి 8.3 సిమ్ మోడల్, యోక్ మీద పొట్టి చేయి, పవర్ బ్యాంకు అనుకుంటున్నాను. పక్క సీట్లో ఎవరైనా ఉంటే యోక్ మౌంట్‌కి వాళ్లతో ఏమైనా ఇబ్బందా?


కేబుల్‌పుల్లీ:

ఉంది. రెండు యోక్‌లూ కలిసే కదులుతాయి కాబట్టి మీ వైపు ట్యాబ్ పెట్టిన కొత్త హద్దు వాళ్ల వైపు కూడా వర్తిస్తుంది. వాళ్ల ఒళ్లో సంచీ, కెమెరా, పొడుగు కాళ్లు ఏవి యోక్‌కి అడ్డం వచ్చినా ఆగేది మీ ఎలివేటరే. పైన చెప్పిన మూలల పరీక్ష వాళ్లు కూర్చుని, సీటు జరిపి, బెల్టు పెట్టుకున్నాక ఇంకోసారి చేయండి. పవర్ బ్యాంకు వాళ్ల చేతికి ఇవ్వకండి, కేబుల్ రెండు సీట్ల మధ్య థ్రాటిల్ మీదుగా పోతుంది. మీ ఎడమ పక్క తలుపు జేబులో పెట్టి, కేబుల్‌ని యోక్ కింద నుంచి తీసుకురండి. కంట్రోల్ లాకు తీసిన వెంటనే, ట్యాబ్ బిగించాక, టేకాఫ్‌కి ముందు చేసే కంట్రోల్ చెక్‌లో: మూడుసార్లూ పూర్తి కదలిక రావాలి. మూడింట్లో ఏ ఒక్కసారి తేడా వచ్చినా ట్యాబ్ తీసి వెనక సీట్లో సంచీలో వేసి జిప్ పెట్టేయండి.